ఇంట్లో ఓవెన్, వాకిట్లో గిరాకీ

దుకాణమూ బోర్డూ పనివాళ్లూ లేకుండా, కుటుంబం రోజూ అన్నం వండుకునే వంటగదిలోనే కేకులు, బిస్కెట్లు చేసి ఆర్డరు మీద అమ్మేవారిని ఇవాళ హోమ్ బేకర్లు అంటున్నారు. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వంటి పట్టణాల్లోనే కాక, పత్తి, మిరప తప్ప మరో మాట వినిపించని మండల కేంద్రాల్లో కూడా ఇలాంటి ఇళ్లు కనిపిస్తున్నాయి. వీరిలో గృహిణులే ఎక్కువ గనుక ఈ అధ్యాయం హోమ్ బేకర్‌ను "ఆమె" అనే పేర్కొంటుంది; ఈ పని చేసే మగవారికీ ఇక్కడి సూచనలు అంతే వర్తిస్తాయి.

ఈ పనిలో చేయి తిరగడం ఒక ఎత్తు, పనినీ ఇంటినీ ఒకే కప్పు కింద నడపడం మరో ఎత్తు. పిల్లవాడికి జ్వరం, అత్తగారికి కంటి ఆపరేషను, పొలంలో కోత, ఊరి నుంచి చుట్టాలు. వీటిలో ఏది వచ్చినా ఓవెన్ ఆగిపోతుంది. ఓవెన్ ఆగిందన్న సంగతి మాత్రం ఆర్డరు ఇచ్చినవారికి పుట్టినరోజు నాటి సాయంత్రం దాకా తెలియదు. వాట్సాప్ స్టేటస్ నిండా గులాబీ పూల కేకుల ఫోటోలు ఉంటాయి. కొనేవారికి అసలు కావలసిన కబురు, అంటే ఏ రోజుల్లో కేకు దొరుకుతుంది, ఏ రోజుల్లో దొరకదు అన్నది, ఎక్కడా ఉండదు. ఇంటి సంగతుల్లో బయటివారికి చెప్పవలసినది ఏది, గడప దాటకూడనిది ఏది? ఈ వృత్తిలో నిలదొక్కుకున్నవారికీ, ఏడాది తిరగకుండా ఓవెన్‌ను అటక మీద పెట్టినవారికీ మధ్య తేడా చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

1. ముందుగా ఏడాది పట్టిక రాసుకోవాలి

గోడ మీది తెలుగు క్యాలెండరు తీసి, పన్నెండు నెలల్లో పని ఏ నెలలో మీద పడుతుందో, ఏ నెలలో చేతులు ఖాళీగా ఉంటాయో గుర్తు పెట్టుకోవడం మొదటి మెట్టు. పెద్ద నగరాల కోసం రాసిన పుస్తకాల లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ గుంటూరు-ఒంగోలు మైదానంలో చేతిలో డబ్బు ఆడేది పంటను బట్టి. పత్తి తీతలు అక్టోబరు, నవంబరులలో మొదలై సంక్రాంతి దాటేదాకా సాగుతాయి. మిరప కోతలు జనవరి నుంచి ఊపందుకుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డు టిక్కీలతో, అంటే మిరపకాయల బస్తాలతో, నిండిపోతుంది. సాధారణంగా మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి. సరుకు అమ్ముడుపోయి డబ్బు చేతికి వచ్చిన ఇంట్లో బారసాలకు మూడు కేజీల కేకు అడుగుతారు. సరుకు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయిన ఇంట్లో అదే బారసాలకు అర కేజీతో సరిపెట్టుకుంటారు, లేదా "డబ్బులు యార్డు నుంచి రాగానే ఇస్తాం" అంటారు.

పంట లెక్క తర్వాత పండుగల లెక్క చూసుకోవాలి. గుంటూరులో 1842లో మిషనరీ హేయర్‌తో లూథరన్ మిషన్, ఒంగోలులో 1866 నుంచి మిషనరీ క్లౌతో బాప్టిస్టు మిషన్ వేళ్లూనుకున్న ప్రాంతం ఇది గనుక, డిసెంబరు ఇక్కడ హోమ్ బేకర్‌కు అన్నిటికన్నా బరువైన నెల: సెమీ క్రిస్మస్ సభలతో మొదలై, పండుగ కేకుల మీదుగా, 31 రాత్రి కొత్త సంవత్సరం కేకులతో ముగుస్తుంది. ఇదే నెలలో పత్తి తీతలు కూడా సాగుతుంటాయి గనుక, రైతు కుటుంబపు గృహిణి అయితే తెల్లవారుజామునే కూలీల సంగతి చూసుకుని, రాత్రికి ఓవెన్ ముందు నిలబడవలసి వస్తుంది. రెండూ చేయగలదా? చేయలేనిది ఏదో నవంబరులోనే తేల్చుకోవడం నయం. డిసెంబరు 20 నాటికి తేల్చుకునేవారు సాధారణంగా ఆరోగ్యంతో మూల్యం చెల్లిస్తారు.

చేతులు ఖాళీగా ఉండే రోజులు కూడా పట్టికలో ఉండాలి. మూఢంలోనూ ఆషాఢంలోనూ పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు ఉండవు. పుట్టినరోజులు మాత్రం మూఢం చూసుకుని ఆగవు గనుక ఓవెన్ పూర్తిగా చల్లబడదు. కార్తీకంలోనూ, శ్రావణ శుక్రవారాల్లోనూ గుడ్డు లేని కేకులే అడుగుతారు. ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాల్లో కొన్ని క్రైస్తవ కుటుంబాలు వేడుకలు పెట్టుకోవు. రంజాన్ నెల చివరలో బిస్కెట్లకూ పుడ్డింగులకూ అడుగుతారు. మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కదులుతాయి గనుక నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల రోడ్ల మీద కేకు పెట్టెతో బండి కదలదు. ఆ రోజు డెలివరీ ఒప్పుకోవడం చేతులారా తెచ్చుకునే తలనొప్పి. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇంట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే, ఆ నెలలో ఆర్డర్లు సగానికి తగ్గించుకోవడం నష్టం కాదు, ముందే వేసుకోవలసిన లెక్క.

ఈ పట్టికలో మూడు రంగుల గుర్తులు చాలు: పూర్తిగా పని చేసే రోజులు, తక్కువ పని రోజులు, పని లేని రోజులు. నెలకు కనీసం నాలుగు రోజులు మూడో రంగులో ఉండాలి. అవి మిగిలితే తీసుకునే సెలవులుగా కాకుండా, ముందే రాసిపెట్టుకున్నవిగా ఉండాలి.

2. కారానికీ క్రీముకూ మధ్య గోడ కట్టాలి

ఈ ప్రాంతపు హోమ్ బేకర్‌కు మరెక్కడా అంతగా ఎదురవని చిక్కు మిరపకాయ. కల్లం నుంచి వచ్చిన కాయల్లో తాలుకాయలు ఏరేది ఇంటి వరండాలోనే, ఏడాదికి సరిపడా కారం కొట్టించి డబ్బాలకు ఎత్తేది వంటగదిలోనే, వేసవిలో ఆవకాయ కలిపేది అదే గట్టు మీదే. మిరపలోని ఘాటుకు కారణమైన పదార్థాన్ని కాప్సైసిన్ అంటారు. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువల్ల గిన్నెను నీళ్లతో తొలిచినంత మాత్రాన ఘాటు పోదు సరికదా, తర్వాత ఆ గిన్నెలో వేసిన వెన్న ఆ ఘాటును తనలోకి లాక్కుంటుంది. వెన్నకూ క్రీముకూ చుట్టుపక్కల వాసనలను పీల్చుకునే గుణం కూడా ఉంది. ఫ్రిజ్‌లో మూత లేని ఉల్లిపాయ ముక్కల పక్కన ఉంచిన క్రీముతో ఎంత అందమైన కేకు చేసినా, కోసిన మొదటి ముక్కలోనే సంగతి బయటపడుతుంది.

మిక్సీ జారునే చూద్దాం. పచ్చడికీ కారానికీ వాడిన జారును సబ్బుతో కడిగి, ఎండబెట్టి, అందులోనే పంచదార పొడి చేసుకోవడం చాలా ఇళ్లలో మామూలే. బ్లేడు కింది ఇరుకు సందులోనూ, మూతకు చుట్టూ ఉండే రబ్బరు వాషరు మడతలోనూ ఎర్రటి పొడి పట్టుకుని ఉంటుంది. వాషరును గోటితో పైకి లేపి చూస్తే అది కంటికి కనిపిస్తుంది. జారు తిరిగినప్పుడు ఆ పొడి పంచదారలో కలుస్తుంది, పంచదార క్రీములో కలుస్తుంది, మూడేళ్ల పిల్లవాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడుపు అందుకుంటాడు. పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు: ఒక జారు, ఒక జల్లెడ, రెండు గిన్నెలు, ఒక గరిటె, ఒక తుడుపు గుడ్డ కేకుల కోసమే విడిగా కొని, వాటి మీద రంగు దారం కట్టి, వేరే అరలో పెట్టి, ఇంట్లో అందరికీ ఒకసారి చూపించి చెప్పాలి. "ఈ జారులో పచ్చడి వేయకూడదు" అన్న మాట అత్తగారికి చెప్పడానికి మొహమాటపడి వ్యాపారం పోగొట్టుకోవడం కన్నా, "అత్తయ్యా, ఇది ఆర్డర్ల జారు, మిగతావన్నీ మీవే" అని నవ్వుతూ చెప్పడం సులువు.

కారం కొట్టించిన రోజున, ఆవకాయ కలిపిన రోజున కేకు పని పెట్టుకోకూడదు. ఆ రెండు రోజులూ పట్టికలో మూడో రంగులోకి వెళ్లాలి.

కారం సంగతి అలా ఉంచితే, వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, పాలు, గోధుమ కొందరికి పడవు. అలర్జీ ఉన్నవారికి కొద్దిపాటి పొడి తగిలినా ప్రమాదం కావచ్చు. ఇంటి వంటగదిలో పల్లీ చట్నీ రోజూ చేస్తున్నప్పుడు "మా కేకులో వేరుశనగ అసలు తగలదు" అని హామీ ఇవ్వడం తప్పు. "ఇదే వంటగదిలో వేరుశనగ వాడతాం" అని ముందే చెప్పడం సరైన పద్ధతి. గుడ్డు విషయంలోనూ ఇదే నియమం: గుడ్డు సొన గిలకొట్టిన బీటరును కడిగి ఎగ్‌లెస్ కేకుకు వాడితే, ఆ మాట కూడా కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవారికి తెలియాలి. తెలిసిన తర్వాత వారు వద్దంటే ఆ ఒక్క ఆర్డరే పోతుంది, తెలియకుండా ఇచ్చిన సంగతి బయటపడితే వీధి మొత్తం పోతుంది.

3. ఎండకూ కరెంటుకూ తగ్గట్టు వంటకాల జాబితా మార్చాలి

ఏప్రిల్, మే నెలల్లో ఈ మైదానంలో ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. చాక్లెట్ కూడా దాదాపు అంతే. విప్పింగ్ క్రీము, అంటే గిలకొడితే నురగలా పొంగి నిలబడే క్రీము, చల్లగా ఉన్నంతసేపే నిలబడుతుంది. మరి ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల అవతలి ఊరికి మధ్యాహ్నం ఒంటిగంటకు స్కూటరు మీద క్రీము కేకు పంపుతానని ఒప్పుకోవడంలో అర్థముందా? ఆ ఒప్పందానికి పూచీ ఎవరు పడతారు? వేసవిలో క్రీము కేకులను ఊళ్లోనే, ఉదయం ఎనిమిదిలోపు లేదా పొద్దు వాలాక మాత్రమే ఇవ్వాలి. పల్లెటూళ్లకు టీ కేకు, ప్లమ్ కేకు, రాగి బిస్కెట్లు, జొన్న బిస్కెట్లు వంటి పొడి రకాలే పంపాలి. ఈ నియమాన్ని ఏప్రిల్ మొదటి వారంలోనే స్టేటస్‌లో పెడితే బతిమాలే ఫోన్లు సగం తగ్గుతాయి.

ఇక కరెంటు. ఇళ్లలో వాడే ఓటీజీ, అంటే బేకింగుకూ గ్రిల్లుకూ పనికొచ్చే చిన్న విద్యుత్ ఓవెన్, సాధారణంగా 1200 నుంచి 2000 వాట్ల మధ్య ఉంటుంది గనుక దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు కావాలి. ఫ్యాన్లూ లైట్లూ నడిపే ఇంటి ఇన్వర్టరు దీన్ని మోయలేదు. స్పాంజి, అంటే కేకు లోపలి మెత్తటి పొర, సగం కాలిన వేళ కరెంటు పోతే ఏం చేయాలి? మొదటి పొరపాటు తలుపు తెరిచి చూడడం. తలుపు తెరవకపోతే లోపలి వేడి కొంతసేపు నిలుస్తుంది. పది నిమిషాల్లో కరెంటు వస్తే కేకు దక్కవచ్చు. అంతకు మించి ఆలస్యమైతే ఆ స్పాంజిని పిల్లలకు ఇచ్చేయాలి, మళ్లీ ఓవెన్ వేడి చేసి కాల్చి ఆర్డరుకు వాడకూడదు. అందుకే స్పాంజిని ఆర్డరు రోజున కాక ముందురోజే కాల్చి, చల్లార్చి, పలచటి ప్లాస్టిక్ పొరతో చుట్టి ఉంచడం అలవాటు చేసుకోవాలి. మరుసటి రోజు క్రీము పని మాత్రమే మిగులుతుంది, ముక్కలు కూడా చెదరకుండా కోతకు వస్తాయి.

4. ధర కట్టేటప్పుడు తన పొద్దును కూడా లెక్కించాలి

తన పొద్దును లెక్కించకపోవడమే ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఉదాహరణకు వేసుకున్న అంకెలతో ఒక కేజీ కేకు లెక్క చూద్దాం. మైదా, పంచదార, వెన్న, క్రీము, గుడ్లు కలిపి 260 రూపాయలు, పెట్టె, అడుగు అట్ట, కొవ్వొత్తి, కత్తి 40, కరెంటు, గ్యాసు 15, పెట్రోలు 30, పాడయ్యే సరుకు కింద 20. మొత్తం 365. కేకును 500కు అమ్మిన గృహిణి సరుకు 260 మాత్రమే చూసి 240 మిగిలిందని సంబరపడుతుంది. నిజానికి మిగిలింది 135. ఆ కేకు మీద గిన్నెలు కడగడంతో సహా మూడు గంటలు పట్టిందనుకుంటే గంటకు 45 రూపాయలు. తన ఊళ్లో మిరప కోతకు వెళ్లే మనిషి రోజు కూలితో ఈ అంకెను పోల్చి చూసుకున్న గృహిణికి ధర ఎందుకు పెంచాలో మరెవరూ చెప్పనక్కరలేదు. గంటకు 80 చొప్పున తన పనికి ఖరీదు కడితే ఆ కేకు ధర 605 అవుతుంది.

"పక్క వీధి బేకరీలో 400కే ఇస్తున్నారు కదా" అన్న మాట తప్పకుండా వస్తుంది. దానికి బదులుగా ధర తగ్గించడం కన్నా పరిమాణం తగ్గించి అర కేజీ చూపడం మేలు. బంధువులకు ఇచ్చే తగ్గింపు కూడా ముందే నిర్ణయమై ఉండాలి: ఎవరికి, ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు అన్నది రాసి పెట్టుకుంటే, ప్రతిసారీ మనసులో తర్జనభర్జన పడనక్కరలేదు. అడ్వాన్సు మాత్రం అందరికీ ఒకటే, సగం. పంట మీద అప్పు పెట్టడం ఈ నేలకు కొత్త కాదు, అయితే విత్తనాల దుకాణం మోయగలిగిన అప్పును ఇంటి ఓవెన్ మోయలేదు.

5. "కుదరదు" అన్న మాటను ముందుగానే, మర్యాదగా చెప్పాలి

రాత్రి తొమ్మిదిన్నర. పక్కింటి ఆవిడ గేటు దగ్గర నిలబడి, "ఏం వదినా, రేపు మా బుడ్డోడి పుట్టినరోజు, ఒక్క కేజీయే కదా, చేసిపెట్టవా" అంటుంది. ఇంట్లో అప్పటికే రెండు ఆర్డర్లు, పిల్లకు మర్నాడు పరీక్ష. ఇక్కడ మూడు రకాల జవాబులు సాధారణంగా వినిపిస్తాయి. మొదటిది "సరేలే వదినా", తర్వాత రాత్రంతా మేలుకోవడం. రెండోది "చూస్తాలే", అంటే ఎదుటివారికి అవునని, చెప్పినవారికి కాదని వినిపించే మాట. గొడవలన్నీ దీని నుంచే పుడతాయి. మూడోది, సరైనది: "రేపటికి క్రీము కేకు కుదరదు వదినా. పొద్దున్నే టీ కేకు ఒకటి చేసి ఇవ్వగలను, లేదా ఎల్లుండికి అయితే కేజీ కేకే చేస్తాను. ఏది చేయమంటావు?" కుదరనిది ఒక్క ముక్కలో చెప్పి, కుదిరేవి రెండు చూపి, ఎంపిక ఆవిడకే వదిలేయడం ఈ జవాబులోని మెళకువ.

సెలవుల కబురూ అలాగే ఉండాలి. అందులో నాలుగు సంగతులు చాలు: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పని లేదు, మళ్లీ ఎప్పుడు మొదలు, ఆ తొలి రోజుల ఆర్డరుకు చివరి గడువు, ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్ల పరిస్థితి. నమూనాకు ఇలా రాయవచ్చు: "నమస్కారం. ఈ నెల 12 నుంచి 16 వరకు కేకులు చేయడం లేదు. 17 నుంచి మళ్లీ మొదలు. 17, 18 తేదీలకు కావలసినవారు 10వ తేదీలోపు చెప్పండి. ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లన్నీ 11లోపు అందుతాయి." కారణం రాయనక్కరలేదు. కారణం రాస్తే దాన్ని తూచే హక్కు చదివినవారికి ఇచ్చినట్టే: ఆడపడుచు ఇంటికి వెళ్లడం ముఖ్యమా, తమ పిల్లవాడి పుట్టినరోజు ముఖ్యమా అన్న బేరం మొదలవుతుంది.

6. ఇంటివారికి పని పంచాలి

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన కర్రె మస్తానమ్మ కథను చాలామంది ఆశ్చర్యంతో చెప్పుకుంటారు. నూరేళ్లు దాటిన వయసులో, పొలాల మధ్య కట్టెల పొయ్యి మీద ఆమె చేసిన వంటలతో 2016లో మొదలైన కంట్రీ ఫుడ్స్ అనే యూట్యూబ్ చానల్‌ను, 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి 10 లక్షలకు పైగా జనం అనుసరిస్తున్నారు. పుచ్చకాయలో వండిన కోడికూర ఆమెకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఈ కథలో హోమ్ బేకర్ గమనించవలసిన సంగతి వయసు కాదు, పని విభజన. కెమెరా పట్టుకున్నదీ చానల్ నడిపినదీ ముని మనవడు లక్ష్మణ్, అతని మిత్రుడు శ్రీనాథ్ రెడ్డి. మస్తానమ్మ పని వంట వరకే. కేకు చేసే మనిషే ఫోటో తీసి, స్టేటస్ పెట్టి, ఫోను ఎత్తి, లెక్క రాసి, పెట్టె మోసుకెళ్లాలనుకోవడం వల్లనే చాలా ఇళ్లలో ఈ పని విసుగుగా మారుతోంది.

పంచడానికి తేలికైన పనులు ఇవి: భర్తకు డెలివరీ, సరుకు తేవడం; కాలేజీ చదివే పిల్లకు స్టేటస్, ఫోటోలు; మామగారికి లెక్కల పుస్తకం, అదీ ఆయనకు ఇష్టమైతేనే. ఏ పని ఎవరిదో చెప్పాక అందులో వేలు పెట్టకూడదు. అమ్మాయి తీసిన ఫోటోలో వెలుగు కాస్త తక్కువైనా ఆమె తీసిన ఫోటోయే పెట్టాలి. పదిహేను రోజులు ఓపిక పడితే చాలు, వెలుగు ఎటు నుంచి పడాలో ఆ పిల్లకే తెలుస్తుంది.

7. కుటుంబాన్ని ఎంతవరకు చూపాలో గీత గీసుకోవాలి

ఇంటి మనిషి చేతి వంట అన్న నమ్మకమే ఈ వ్యాపారానికి పెట్టుబడి గనుక, కొంత ఇల్లు కనిపించక తప్పదు. మీగడ గిలకొడుతున్న చేతులు, పిండి జల్లిస్తున్న అమ్మమ్మ, కొత్తగా కొన్న ఓవెన్ చూసి జనం ముచ్చటపడతారు, ఆర్డర్లూ ఇస్తారు. ఆ ముచ్చట ఎక్కడ ఆగాలి? కింది నాలుగు సంగతులు మాత్రం ఏ స్టేటస్‌లోకీ వెళ్లకూడదు.

పిల్లల స్కూలు యూనిఫాం, బడి పేరు, బస్సు ఎక్కే చోటు.

ఇంటికి తాళం వేసి వెళ్తున్న సంగతి. సంక్రాంతికి రైలు ఎక్కిన సెల్ఫీని అప్పటికప్పుడే పెడితే ఇల్లు ఖాళీగా ఉందని ఊరంతటికీ చాటినట్టే. ఆ ఫోటో తిరిగి వచ్చాక పెట్టినా అంతే అందంగా ఉంటుంది. తాళం వేసిన ఇళ్లపై నిఘా కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చిన సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

ఇంట్లోవారి జబ్బుల వివరాలు, ఇంటి గొడవలు. భర్త మీద కోపంతో పెట్టిన ఒక్క వాక్యాన్ని కేకు కొనేవారు వందమంది చదువుతారు, వారిలో అత్తవారి వైపు వారు కనీసం పదిమంది ఉంటారు.

ఆర్డరు ఇచ్చినవారి ఇంటి వేడుక ఫోటోలు, వారి అనుమతి లేకుండా. కేకు మీద పేరు రాసి ఉంటే ఆ పేరు కనపడని కోణంలో తీసిన ఫోటో పెట్టాలి.

పని ఫోనుకు ఒక నంబరు, ఇంటికి మరొక నంబరు పెట్టుకుంటే ఈ గీత సగం దానంతట అదే పడుతుంది. రెండు సిమ్‌లు పట్టే ఫోను ఉన్నచోట దీనికి అదనపు ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

8. కాగితం పని వాయిదా వేయకూడదు

ఇంటి నుంచి అమ్మినా అది ఆహార వ్యాపారమే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారికి లైసెన్సుకు బదులు తేలికైన రిజిస్ట్రేషను ఏర్పాటు చేశాయి, దాని రుసుము ఏడాదికి 100 రూపాయలుగా పెట్టాయి. పరిమితులూ గడువులూ మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే రోజున ఫాస్కోస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి. చేతికి వచ్చే 14 అంకెల నంబరు బిల్లు మీదా, పెట్టె మీదా ఉండాలి. గుడ్డు పడిన కేకు నిబంధనల లెక్కలో మాంసాహారమే గనుక, పెట్టెల్లో ప్యాక్ చేసి అమ్మేవారు గోధుమ రంగు త్రికోణం గుర్తు వేయవలసి ఉంటుంది. డ్వాక్రా సంఘంలో సభ్యురాలైతే, 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం గురించి వెలుగు కార్యాలయంలో అడిగి చూడాలి. చిన్న ఆహార పరిశ్రమలకు పెట్టుబడిలో 35 శాతం వరకు రాయితీ, సంఘ సభ్యులకు 40 వేల రూపాయల వరకు తొలి పెట్టుబడి సాయం అందులో భాగాలుగా పెట్టారు.

9. ఇంట్లో జబ్బు వచ్చినప్పుడు, మైల వచ్చినప్పుడు

ముందే వేసుకున్న పట్టిక పనిచేయని సందర్భాలు ఇవి రెండే. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో పట్టుకుంటే, మరీ ముఖ్యంగా కేకు చేసే మనిషికే పట్టుకుంటే, తగ్గిన తర్వాత కూడా రెండు రోజులు గడిచేదాకా ఇతరుల కోసం ఏదీ వండకూడదు. మైల విషయంలో ఎవరి ఆచారం వారిది. ఇంటివారు పాటించకపోయినా, పూజకో వ్రతానికో కేకు చెప్పినవారికి పట్టింపు ఉండవచ్చు గనుక, వారికి తెలియజేసి నిర్ణయం వారికే వదిలేయడం మర్యాద.

ఇలాంటి రోజున చేయవలసిన పని వరుస ఇది. ఆర్డర్ల పుస్తకం తెరిచి రాబోయే మూడు రోజుల్లో ఇవ్వవలసిన పేర్లు రాసుకోవాలి. వారికి సందేశం కాక ఫోను చేయాలి, ఎందుకంటే సందేశం చూడలేదని చెప్పడానికి ఎవరికైనా హక్కుంది. అడ్వాన్సు మొత్తం అదే గంటలో తిరిగి పంపాలి. అదే ఊళ్లో పని చేసే మరో హోమ్ బేకర్ నంబరు ఇవ్వాలి. దీనికోసం ఇద్దరు ముగ్గురు హోమ్ బేకర్లు ముందే మాట అనుకుని, ఒకరికి కుదరనప్పుడు మరొకరు చేసేలా, ఆ ఆర్డరు ఇచ్చినవారిని తర్వాత తమవైపు తిప్పుకోకుండా ఉండేలా ఒప్పందం చేసుకోవాలి. పోటీదారుతో ఇదెలా కుదురుతుందన్న అనుమానం సహజమే. డిసెంబరు 24న ముగ్గురికీ చేతినిండా పని ఉంటుంది గనుక ఆ నెలలో ఈ మాట ఎత్తకూడదు. ఆషాఢంలో, ఓవెన్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకరింట్లో టీ తాగుతూ మొదలుపెట్టాలి.